నెగటివులు భద్రపరచబడును

తెల్లారుజామున ఆదోని స్టేషన్లో దిగినా.
మెళ్ళో తాడు అట్లే ఉండాది,
బెంగుళూరు ఫోటో పండగలో తగిలించిన అట్టముక్క.
నా పేరు తప్పు రాసినారు.
మస్తానప్ప అనేదానికి వాళ్ళకు నోరు తిరగల్యా.

పదహైదు దేశాలోళ్ళంట.
ఒక్కొక్క బొమ్మ నా షాపు కంటే పెద్దది.
ఒకటి ఉత్త మబ్బు.
ఒకటి ఉత్త గోడ, పెచ్చులూడింది.
అట్లాంటిది మా పత్తి యార్డు వెనకాల ఉండాది,
దాని దగ్గర జనం నిలబడేది వేరే పనికి.
ఈడ తల పక్కకు వంచి చూస్తా ఉండారు.
నేనూ వంచినా.
మెడ పట్టేసింది.

ముప్పై ఏండ్లుగా నేను చెప్పేది ఒకటే మాట:
గడ్డం కొంచెం కిందికి, కండ్లు మూయగాకండి.
ఆడ నాకెవురూ ఏమీ చెప్పల్యా.
మంచినీళ్ళు యాడ అని ఇద్దరిని అడిగినా.

చివరి మూలన
తెల్ల చేతితొడుగుల ముసలాయన.
చెప్పుల డబ్బాల మాదిరి పెట్టెలు, నిండా పాత ఫోటోలు,
ఊరూ పేరూ లేనివి.
తిప్పుతా ఉంటే చెయ్యి ఆగింది:
తాజ్‌మహల్ ముందర ఒక కొత్త జోడీ.
ఆ తాజ్‌మహల్‌కు మూడే మినార్లు.

నాలుగోదానికి రంగు చాలల్యా అని
మా నాయన నవ్వుతా చెప్తా ఉండె.

వెనక్కి తిప్పినా. ఊదా సిరా ముద్ర.
చాందినీ ఫోటో స్టూడియో, ఆదోని.
కింద సన్నగా: నెగటివులు భద్రపరచబడును.
పెన్సిలుతో 2146.

మూడు నూర్ల డాలర్లంట.
"ప్రపంచంలో ఇది ఒక్కటే" అన్నాడు ముసలాయన,
పక్కనున్న పాప తెలుగులో చెప్పింది.
కాదప్పా, అని నోటిదాకా వచ్చింది.
గమ్మున పెట్టేసినా.
ఉత్తచేత్తో ముట్టుకుంటినని
ఆయన గుడ్డతో తుడుస్తా ఉండె.
పోయింది నా వేలిముద్ర.
మా నాయనది కుడి మూలన అట్లే ఉండాది,
తడి ఆరకముందే పడింది, తుడిస్తే పోదు.
దూదేకే ఇంట్లో పుట్టినోడు,
బొటనవేలు బండది.

ఇంటికి పోకుండా షాపు తీసి, షట్టరు సగం దించి
సజ్జ ఎక్కినా.
రేకు డబ్బాలు. ఎలకలు కొట్టినవి కొన్ని.
2141 నుంచి 2145 దాకా ఒకటే ముద్ద,
ఐదు పెండ్లిండ్లు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయినాయి.
దాని అంచుకు కరుచుకోని
2146.

ట్యూబులైటుకు పట్టి చూసినా.
నల్ల మొగాలు, నెరిసిన జుట్టు.
పదహారేండ్ల పెండ్లికూతురు
ముసలమ్మై నిలబడుండాది, మొగుని పక్కన.
ఇంకా ఎడమకు,
ప్రింటులో కత్తిరించేసిన చోట,
తెర జారకుండా పట్టుకున్న ఒక చెయ్యి.
చిన్న చెయ్యి. సగం చొక్కా.
కదలగాకురా అనుంటాడు నాయన.
కదిలినాడు. మొగం ఉత్త మసక.
ఆ చొక్కాకు మూడో గుండీ లేదు,
పిన్నీసు.
మాయమ్మ పెట్టిన పిన్నీసు.

లెక్కల బుక్కు కూడా దొరికింది.
2146. మారెప్ప, కౌతాళం. జోడీ. రెండు కాపీలు.
ఇచ్చింది నాలుగు. బాకీ ఒక రూపాయి.
వసూలైతే నాయన అడ్డగీత కొడతాడు.
దీనికి కొట్టల్యా.
జేబులో పెన్ను ఉండాది.
నేనూ కొట్టల్యా.

షట్టరు మీద ఎవరో తడుతుండారు.
పింఛను కాగితాలకంట, పాస్‌పోర్టు సైజు, ఎనిమిది.
అవ్వ స్టూలు మీద కూచోని కొంగు సర్దుకుంది.
"మెళ్ళో ఏందప్పా అది?"
చూసుకుంటే, ఆ తప్పు పేరు.
తీసి కౌంటరు మీద పెట్టినా.
"యాడ చూడాల?"
ఈడవ్వా,
నా చెయ్యి దిక్కు.